మల్టీమీటర్ 2.9 ఓములు అంటోంది, లెక్కేస్తే 19 వస్తోంది. మోటారు పోయినట్టేనా?

నిమ్మతోట_పొదలకూరు
తోటలో ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజు మోనోబ్లాక్ మోటారు. మీటరు బోర్డు నుంచి మోటారు కాడికి 140 మీటర్లు. వైరు రాగిది, 2.5 స్క్వేర్ ఎంఎం, ఏడు పోగులది. పొద్దున పూట బాగానే లేస్తుంది. సాయంత్రం స్విచ్చేస్తే గుయ్యిమంటా నిలబడిపోతుంది, తిరగదు. కండెన్సర్ రెండు సార్లు మార్పించా, ఫలితం లేదు. ఇప్పుడు వైండింగ్ పోయింది, మళ్లీ కట్టాలంటున్నారు. నాకు నమ్మకం కుదరలా.

మోటారు తిరిగేటప్పుడు దాని కాడ 191 వోల్టులు, వైరు చుట్టూ పట్టించే టాంగ్ టెస్టర్‌లో 10 ఆంపులు. 191 ÷ 10 అంటే 19.1 ఓములు ఉండాలి గదా. కరెంటు తీసేసి వైండింగ్ మీద మల్టీమీటర్ పెడితే 2.9 చూపిస్తోంది. ఇంకోటి, 191 × 10 అంటే 1910 వాట్లు. ప్లేటు మీద 1.1 కిలోవాట్లు అని ఉంది. వైండింగ్ షార్టయి ఓములు పడిపోయాయా?

ఒంగోలు_వైండర్
విప్పించొద్దు, ఆగు తమ్ముడూ. మూడు సంగతులు చెప్పు. ప్లేటు మీద వోల్టులు, ఆంపులు ఎంత? మోటారు ఆపినప్పుడు, తిరిగేటప్పుడు మీటరు బోర్డు కాడ ఎన్ని వోల్టులు? మల్టీమీటర్ కొసలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే ఎంత చూపిస్తోంది?

కనిగిరి_బోరు
19 రావాల్సిన కాడ 3 వస్తే ఇంకేముంది, షార్టే. రేపు కాలి బూడిదయ్యే దాకా ఎందుకు, కట్టించెయ్.

నిమ్మతోట_పొదలకూరు
ప్లేటు మీద 220 వోల్టులు, 8.6 ఆంపులు. బోర్డు కాడ ఆపినప్పుడు 232, తిరిగేటప్పుడు 228. సాయంత్రం 218 దాకా దిగుతుంది. కొసలు తాకిస్తే 0.3.

కరెంటు_మాస్టారు
అయితే నీ వైండింగ్ 2.9 కాదు, 2.6 ఓములు. ఆ 0.3 ఓములు మల్టీమీటర్ తీగలవే. ఇంత చిన్న ఓములు కొలిచేటప్పుడు దాన్ని తీసేయకపోతే లెక్కంతా తప్పుతుంది.

కనిగిరి వారి మాటతో నేను ఏకీభవించను. 2.6, 19.1 రెండూ నిజమే, రెండూ వేరే వేరే సంగతులు. మల్టీమీటర్ తన బ్యాటరీతో చిన్న డీసీ కరెంటు పంపి, ఆగి ఉన్న మోటారులోని రాగి తీగ అడ్డును మాత్రమే కొలుస్తుంది. 1827లో ఓమ్ రాసిన సూత్రం పుట్టింది కూడా ఒకే దిక్కున డీసీ కరెంటు పారే తీగల మీదే. మోటారు తిరగడం మొదలయ్యాక కథ మారుతుంది. రోటరు తిరిగే కొద్దీ వైండింగ్‌లో ఎదురు వోల్టేజీ పుడుతుంది, పంపిన కరెంటుకు అడ్డం నిలబడేది అదే. ఏసీ కాబట్టి కాయిల్ గుణం వల్ల వచ్చే అడ్డు అదనం. ఇవన్నీ కలిపిన ముద్ద లెక్క 19.1. దాన్ని రెసిస్టెన్సు అనకూడదు, ఇంపెడెన్సు అనాలి. నిజంగా 2.6 ఓములే అడ్డయితే 220 వోల్టులకి 84 ఆంపులు లాగాలి, బోర్డే కాలిపోయేది.

వాట్ల సంగతీ అంతే. 191 × 10 = 1910 అన్నది వాట్లు కాదు, వీఏ (వోల్ట్ ఆంపియర్లు). అందులో అసలు వాట్లు ఎన్నో వంతో చెప్పే అంకె పవర్ ఫ్యాక్టర్, దాంతో గుణిస్తే వాట్లు వస్తాయి. ప్లేటు మీది 1.1 కిలోవాట్లు అంటే ఇరుసు బయటికి ఇచ్చే పని, లోపలికి తీసుకునే కరెంటు కాదు. ఒకటిన్నర హెచ్‌పీ అంటే 1.5 × 746 = 1119 వాట్లు. ఇలాంటి చిన్న సింగిల్ ఫేజు మోటార్లు 65 శాతం చుట్టుపక్కల సామర్థ్యంతో నడుస్తాయి, కాబట్టి లోపలికి 1720 దాకా పోవడం మామూలే.

బోర్డు మీది కరెంటు మీటరులో ఎర్ర లైటు మిణుకుతుంది కదా, దాని పక్కన 3200 ఇంపల్స్ అని ఉందేమో చూడు. మోటారు ఒక్కటే వేసి, 100 మిణుకులకు ఎన్ని సెకన్లో లెక్కపెట్టు. 3200 మిణుకులకు ఒక యూనిట్, అంటే 36,00,000 వాట్ సెకన్లు, కాబట్టి 100 మిణుకులకు 1,12,500. దాన్ని ఆ సెకన్లతో భాగిస్తే అసలు వాట్లు వస్తాయి.

కనిగిరి_బోరు
అట్లయితే వైండింగ్ షార్టయిందో లేదో ఓములతో తెలీదా మాస్టారూ?

ఒంగోలు_వైండర్
తెలుస్తుంది అన్నా, కానీ పోల్చుకోవాల్సింది 19తో కాదు. మోటారులో రన్నింగు, స్టార్టింగు అని రెండు వైండింగులు, రెండూ కలిసే కొస కామన్. ఆ మూడు కొసలు తీసుకో. కామన్ నుంచి రన్నింగుకి ఎంత, కామన్ నుంచి స్టార్టింగుకి ఎంత, రన్నింగు నుంచి స్టార్టింగుకి ఎంత అని చూడాలి. మొదటి రెండూ కూడితే మూడోది రావాలి. అదే మోడల్ మంచి మోటారుతో పోల్చి రన్నింగు బాగా తగ్గి ఉంటే చుట్లు కలిసినట్టు. బాడీకి తగిలిందో లేదో చూడటానికి మాత్రం మల్టీమీటర్ చాలదు, 500 వోల్టులతో ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గరే పెట్టాలి.

నిమ్మతోట_పొదలకూరు
0.3 తీసేసి చెబుతున్నా: రన్నింగు 2.6, స్టార్టింగు 6.4, రెండు కొసల మధ్య 9.0. మిణుకులు 100కి 53 సెకన్లు.

ఒంగోలు_వైండర్
2.6 + 6.4 = 9.0. సరిగ్గా కూడింది, ఒకటిన్నర హెచ్‌పీకి ఉండాల్సిన తీరులోనే ఉంది. మెగ్గర్ ఒక్కసారి పెట్టించు, కానీ నా అనుమానం మోటారు మీద లేదు. 228 బయల్దేరి 191 చేరుతోంది. మధ్యలో 37 వోల్టులు యాడ పోతున్నాయి?

సింగరాయకొండ_వైరింగ్
ఓమ్ సూత్రం వాడాల్సింది అక్కడే. బోర్డు కాడ 228 బాగుంది. సర్వీసు కాడ 230కి 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 216 నుంచి 244. లోపం లైనుది కాదు, నీ 140 మీటర్లది.

ఉండాల్సింది ఎంతో చూద్దాం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగికి కిలోమీటరుకు 7.41 ఓములు, 20 డిగ్రీల దగ్గర. ఫేజు పోవాలి, న్యూట్రల్ రావాలి, కాబట్టి పొడవు 280 మీటర్లు. 7.41 × 0.28 = 2.07. మన ఎండలకి వైరు 45 డిగ్రీలుంటే ఇంకో పది శాతం కలుపు, 2.28 ఓములు. 10 ఆంపులకి 23 వోల్టులు పోవాలి. నీకు 37 పోతున్నాయి. మిగిలింది జాయింట్లలోనో, ఫ్యూజులోనో, స్టార్టర్‌లోనో ఉండాలి.

చాలామంది 140 మీటర్లకే లెక్కేసి "11 వోల్టులే గదా" అనుకుంటారు. రాను, పోను రెండూ వేయాలి.

నిమ్మతోట_పొదలకూరు
మధ్యలో 80 మీటర్ల కాడ పెట్టెలో జాయింట్లు ఉండాయి, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. పోయిన వారమే మల్టీమీటర్‌తో చూసినా, రెండింటికీ బీప్ వచ్చింది. బాగానే ఉండాయనుకున్నా.

సింగరాయకొండ_వైరింగ్
బీప్‌ని నమ్మొద్దు తమ్ముడూ. చాలా మీటర్లు 30 ఓములున్నా బీప్ కొడతాయి. ఒక్క పోగు తగులుతున్నా దానికి చాలు. ఆ ఒక్క పోగు గుండా 10 ఆంపులు పోతున్నప్పుడు ఏమవుతుందో బీప్ చెప్పదు. జాయింటును లోడు మీదే చూడాలి.

ఇట్ల చెయ్. ముందు మెయిన్ తీసెయ్, టెస్టర్‌తో చచ్చిందని రూఢి చేసుకో. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టు, ముందు పెద్ద రేంజిలోనే. ఒక క్లిప్పు ఫేజు జాయింటుకు ఇటు పక్క రాగి మీద, ఇంకోటి అదే ఫేజు వైరుకు అటు పక్క రాగి మీద. చేతులు తీసేసి, దూరంగా నిలబడి, ఇంకొకరి చేత మెయిన్ వేయించి మోటారు స్టార్ట్ చేయించు. చూపించే వోల్టులే ఆ జాయింటు మింగుతున్నవి. మళ్లీ మెయిన్ తీసి న్యూట్రల్ జాయింటు, తర్వాత ఫ్యూజు క్యారియర్, తర్వాత స్టార్టర్. బాగున్న జాయింటుకు 0.1 కూడా రాకూడదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా ఈ పని చేయొద్దు, న్యూట్రలే గదా అని చేత్తో పట్టుకోవద్దు. ఆ జాయింటు ఊడితే మోటారు గుండా ఫేజు దాని మీదికే వస్తుంది.

కావలి_82
ఇంత కష్టమెందుకు, 50 మైక్రోఫారడ్ల కండెన్సర్ వేస్తే ఠక్కున లేస్తుంది. లేదా మోటారు కాడ స్టెబిలైజర్ పెట్టించుకో.

ఒంగోలు_వైండర్
రెండూ వద్దు అన్నా. ప్లేటు మీద రాసిన దానికన్నా పెద్ద కండెన్సర్ వేస్తే స్టార్టింగు వైండింగ్‌లో కరెంటు పెరుగుతుంది. అది తిరిగినంత సేపూ లైనులోనే ఉండే కండెన్సర్ కదా, ఆ వైండింగ్ నెమ్మదిగా మాడుతుంది. మోటారు కాడ స్టెబిలైజర్ పెడితే అక్కడ వోల్టులు పెంచడానికి లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపులు లాగుతుంది, వైరులో ఇంకా ఎక్కువ పోతుంది. చిల్లుకుండలో నీళ్లు ఎక్కువ పోస్తే చిల్లు పూడుతుందా?

సాయంత్రం ఎందుకు లేవడం లేదో కూడా ఇందులోనే ఉంది. నిలబడి ఉన్న మోటారు 5 ఓముల ఇంపెడెన్సు లాగా ఉంటుంది. దాని ముందు 4 ఓముల దాకా వైరు, జాయింట్లు ఉండాయి. 218 వోల్టుల్లో మోటారుకు దక్కేది 130 చుట్టుపక్కల. టార్కు, అంటే తిప్పే బలం, వోల్టుల వర్గాన్ని బట్టి పోతుంది: 130ని 220తో భాగించి వర్గం కడితే 0.35. మూడో వంతు బలంతో నీళ్లున్న పంపును ఎట్ల తిప్పుతుంది? అందుకే గుయ్యిమని నిలబడుతోంది.

నిమ్మతోట_పొదలకూరు
మెగ్గర్ పెట్టించా, బాడీకి లీకేజీ లేదు. సింగరాయకొండ అన్న చెప్పినట్టే చూసినా. ఫేజు జాయింటు 11 వోల్టులు. న్యూట్రల్ జాయింటు 4.5. ఫ్యూజు క్యారియర్ 1.5. స్టార్టర్‌లో ఏమీ లేదు. ఆంపులు 10.

సింగరాయకొండ_వైరింగ్
దొరికింది. 11 ÷ 10 = 1.1 ఓములు. 11 × 10 = 110 వాట్లు, ఒక్క జాయింటులో! మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. నాలుగు సోల్డరింగ్ ఐరన్లు ఆ ముడిలో పెట్టి కాలుస్తున్నట్టు. న్యూట్రల్‌లో 45, ఫ్యూజులో 15. మొత్తం 170 వాట్లు జాయింట్లలోనే. ఆ పెట్టె పక్కన ఎండుగడ్డి ఉంటే ఇప్పుడే తీసెయ్.

కావలి_82
లెక్క తేడా కొడుతోంది. జాయింట్లు 17, వైరు 23, మొత్తం 40. అతను చూసింది 228 - 191 = 37. మూడు వోల్టులు ఎక్కువ ఎట్ల వచ్చాయి?

కరెంటు_మాస్టారు
మంచి ప్రశ్న వేశావు. కొలతల్లో తప్పు లేదు. డీసీ అయితే 37 రావాల్సిందే. ఇది ఏసీ. వైరులో పోయే వోల్టులు కరెంటుతో కలిసి అడుగేస్తాయి, మోటారు వోల్టులకన్నా కరెంటు కొంచెం వెనకబడి నడుస్తుంది. ఒకే వరుసలో లేని వాటిని మామూలుగా కూడటం, తీసేయటం కుదరదు. బోర్డు కాడ, మోటారు కాడ చూసిన అంకెల తేడా ఎప్పుడూ దారిలో అసలు పోయిన వోల్టుల కన్నా తక్కువే చూపిస్తుంది.

పవర్ ఫ్యాక్టర్ మిణుకుల నుంచి తీద్దాం. 1,12,500 ÷ 53 = 2123 వాట్లు, బోర్డు దాటి పోతున్నది. అందులో దారిలో పోయింది 40 × 10 = 400. మోటారుకు చేరింది 1723. దాన్ని 1910తో భాగిస్తే 0.90. ఇప్పుడు 37 ÷ 0.90 = 41. నీ 40కి దాదాపు సరిపోయిందా? జాయింటు మీద నేరుగా పెట్టి చూసిన 11, 4.5 మాత్రం అసలైన అంకెలే, వాటికి ఈ సవరణ అక్కర్లేదు.

1723 నుంచి 1119 బయటికి వస్తే 65 శాతం. మోటారు మంచిదే బాబూ.

రొయ్యలగుంట_విడవలూరు
మాదీ ఇట్లాంటిదే, త్రీ ఫేజు. రొయ్యల గుంట నీళ్లకి గాలి పట్టించే రెండు హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, షెడ్డు నుంచి గట్టు మీదకి 200 మీటర్లు, 4 స్క్వేర్ అల్యూమినియం కేబులు. ఏరియేటర్ల కాడ 380 చిల్లర వస్తోంది. రాను పోను 400 మీటర్లకి లెక్కేస్తే 42 వోల్టులు వస్తోంది. సరేనా?

సింగరాయకొండ_వైరింగ్
త్రీ ఫేజులో రెండుతో గుణించకూడదు అన్నా. మూడు ఫేజులూ సమంగా ఉంటే న్యూట్రల్‌లో తిరిగి వచ్చేదేమీ ఉండదు. ఒక వైరు పొడవుకే ఓములు కట్టి, చివర 1.732తో గుణించాలి.

ఒక్కో మోటారు 1.5 కిలోవాట్లు. సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 2.34 కేవీఏ. 415 × 1.732తో భాగిస్తే 3.26 ఆంపులు. నాలుగింటికి 13. 4 స్క్వేర్ అల్యూమినియం కిలోమీటరుకు 7.41 ఓములు, 200 మీటర్లకి వేడితో కలిపి 1.63. ఒక ఫేజుకి 21 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 36.7. వృథా 3 × 13 × 13 × 1.63 = 826 వాట్లు. ఏరియేటర్లు రాత్రంతా తిరిగేవి, 10 గంటలకి 8 యూనిట్లు కేబులే తాగుతోంది. 16 స్క్వేర్ అల్యూమినియం వేస్తే 9.5 వోల్టులే పోతుంది, వృథా 213 వాట్లకి దిగుతుంది.

అయినా 415లో 37 పోతే 378 రావాలి, నీకు 380 చిల్లర. సరిపోయింది. మూడు ఫేజుల జతలూ విడివిడిగా చెప్పు.

రొయ్యలగుంట_విడవలూరు
నాలుగూ తిరుగుతుంటే కాదు, రెండే తిరుగుతుంటే చూసినా: 408, 402, 383.

ఒంగోలు_వైండర్
ఇది వోల్టులు తక్కువ కన్నా ప్రమాదం. సగటు 397.7, అతి దూరంగా ఉన్నది 383, తేడా 14.7. అంటే 3.7 శాతం అసమానం. మోటారు వేడి పెరుగుదల సుమారుగా ఆ శాతం వర్గానికి రెండింతలు: 2 × 3.7 × 3.7, అంటే 27 శాతం ఎక్కువ వేడి. ఒక కాయిలే నల్లగా మాడి, మిగతా రెండూ బాగుండే మోటార్లు మా దగ్గరికి వచ్చేది ఇట్లాంటి గుంటల నుంచే.

ఒక ఫేజు జాయింటు ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉంటుంది. అల్యూమినియం కేబులు కొసకి రాగి వైరు ఒట్టిగా మెలేసి కట్టారా? అయితే అదే. రాగినీ అల్యూమినియాన్నీ కలిపే బైమెటల్ లగ్గులు వేయించు, పెట్టె మూత రబ్బరు మార్పించు.

రొయ్యలగుంట_విడవలూరు
మెలేసే కట్టారు. పొద్దున్నే షెడ్డులో మెయిన్ తీసి చూస్తా.

పొదిలి_పాలిటెక్నిక్
ఇంత సేపూ మోటార్లకి ఓమ్ సూత్రం నేరుగా పనికిరాదన్నారు. మరి వేడినీళ్ల రాడ్డుకి పనికొస్తుందా?

కరెంటు_మాస్టారు
చక్కగా. 1500 వాట్ల రాడ్డు, 230 వోల్టులు: 230 × 230 ÷ 1500 = 35.3 ఓములు. రాడ్డు ఉత్తిగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పెట్టినా అంతకి కాస్త దగ్గర్లోనే చూపిస్తుంది, లోపలి నైక్రోమ్ తీగ అడ్డు వేడికి పెద్దగా మారదు. 200 వోల్టులే వస్తే 200 × 200 ÷ 35.3 = 1133 వాట్లు. వోల్టులు 13 శాతం తగ్గితే వేడి 24 శాతం తగ్గింది, వర్గం కాబట్టి.

పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును మాత్రం ఇట్ల చూడకు. వెలిగేటప్పుడు 529 ఓములు, చల్లగా ఉన్నప్పుడు 40 చుట్టుపక్కలే ఉంటుంది. టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ అడ్డు పెరుగుతుంది.

ఇంకో తేడా గమనించు. వోల్టులు తగ్గితే రాడ్డు ఆంపులు తగ్గుతాయి, నీళ్లు తోడే మోటారు ఆంపులు పెరుగుతాయి. పని అంతే చేయాలి కాబట్టి. 8.6 లాగాల్సింది 10 లాగుతోంటే వైండింగ్ వేడి ఆంపుల వర్గాన్ని బట్టి 35 శాతం పెరిగినట్టు.

నిమ్మతోట_పొదలకూరు
జాయింటు పెట్టె విప్పినా. ఫేజు వైపు టేపు కరిగి తారులాగా పైపుకి అంటుకుపోయింది. టేపు కోసి చూస్తే ఏడు పోగుల్లో రెండే ఎర్రగా మెరుస్తుండాయి. మిగతా ఐదూ నల్లగా, గిల్లితే పొడి రాలుతోంది. ఇన్సులేషన్ జాయింటుకు అటూ ఇటూ జానెడు దూరం గట్టిపడి పెళుసుగా అయింది. దీన్నే గీకి మళ్లీ మెలేస్తే చాలా?

ఒంగోలు_వైండర్
చాలదు. వేడికి మాడిన రాగి మెత్తబడి ఉంటుంది, లోపల దాకా నల్లబడి ఉంటుంది. మెరిసే రాగి కనపడే దాకా కోసెయ్, రెండు పక్కలా అడుగు పోయినా పర్లేదు. కొత్త ముక్క కలిపి 2.5 స్క్వేర్‌కి సరిపోయే రాగి స్లీవులు వేసి, క్రింపింగ్ టూలుతోనే నొక్కించు. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పోగులు వదులుగా ఉంటాయి, ఆరు నెలలకి మళ్లీ ఇదే కథ. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడు, జారకూడదు. పైన హీట్ ష్రింక్ ట్యూబు. పెట్టెను నేల మీద నుంచి మూడడుగులు పైకి ఎత్తు, వైర్లు కింది నుంచే లోపలికి పోవాలి, పై నుంచి పోతే వాన నీళ్లు వైరు వెంబడి దిగుతాయి. ఫ్యూజు క్యారియర్ కొత్తది వేసెయ్.

నిమ్మతోట_పొదలకూరు
అన్నీ అట్లే చేయించా. ఇప్పుడు: బోర్డు కాడ 228, మోటారు కాడ 208, ఆంపులు 9.2. కొత్త జాయింట్ల మీద మీటరు 0.0 నుంచి కదల్లా. 100 మిణుకులకి 59 సెకన్లు. నిన్న సాయంత్రం బోర్డు కాడ 218 ఉన్నప్పుడే వేసినా, ఒక్క క్షణం గుయ్యిమని లేచింది.

కరెంటు_మాస్టారు
1,12,500 ÷ 59 = 1907 వాట్లు. ముందు 2123. నీళ్లు అంతే, 216 వాట్లు తగ్గాయి. రోజుకి 5 గంటలు తోడితే యూనిట్ పైన మిగులు.

కనిగిరి_బోరు
నేను తొందరపడి షార్టన్నా తమ్ముడూ. మా బోరుకి కూడా రేపు ఇట్లే జాయింటు జాయింటుకీ చూస్తా. ఇంకా 20 వోల్టులు పోతున్నాయి గదా, దాన్నేం చేస్తావు?

సింగరాయకొండ_వైరింగ్
అది వైరుదే. 2.28 × 9.2 = 21 వోల్టులు, 193 వాట్లు. జాయింట్లతో తగ్గేది కాదు, వైరు లావు చేయాల్సిందే. 4 స్క్వేర్ రాగి అయితే 1.42 ఓములు, 12.5 వోల్టులు, 110 వాట్లు. 6 స్క్వేర్ అయితే 0.95 ఓములు, 8 వోల్టులు, 70 వాట్లు. 10 స్క్వేర్ అల్యూమినియం కూడా 6 స్క్వేర్ రాగితో సమానమే, ఖరీదు తక్కువ, కానీ ప్రతి కొసకీ బైమెటల్ లగ్గు పడాలి. నా మాటయితే 6 స్క్వేర్ రాగి, మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క. సాయంత్రం 218 వోల్టుల్లో కూడా స్టార్టింగు టార్కు ముప్పావు వంతు దక్కుతుంది, ఇప్పుడు సగానికి కొంచెం పైనే ఉంది.

నిమ్మతోట_పొదలకూరు
వైరు చుట్ట 100 మీటర్లదే అంటున్నారు అంగడిలో. 140 ఒకే ముక్కగా దొరుకుతుందా?

సింగరాయకొండ_వైరింగ్
చుట్ట కాదు, డ్రమ్ము మీద నుంచి కొలిచి కోసివ్వమను. ఫేజుకి 145, న్యూట్రల్‌కి 145 తీసుకో, రెండు కొసల కాడ వంపులకి కావాలి. ఎర్త్ వైరు వేరే లాగు. వైరు మీద మీటరు గుర్తులు అచ్చేసి ఉంటాయి, మొదటి అంకె, చివరి అంకె చూసుకుని డబ్బులియ్యి.

నిమ్మతోట_పొదలకూరు
సరే అన్నా, ఈ కాయ అమ్మినాక 6 స్క్వేరే వేస్తా. అప్పటిదాకా నెలకోసారి జాయింట్ల మీద మీటరు పెట్టి చూసుకుంటా. పాత జాయింటు ముక్కలు రెండూ దాచిపెట్టినా, వైండింగ్ కట్టాలన్నాయనకి చూపించాలి.